రెండో తాళంచెవి

మిక్సర్‌లోంచి వెల్డర్ బాబాయిని బయటికి లాగేసరికి ఆయన ఎడమకాలు మోకాలి కింద పక్కకి తిరిగిపోయి ఉంది. రెక్కలు ఆగిపోయాయి, అరుపు మాత్రం ఆగలేదు. మిక్సర్ ఆపే ఎర్ర బటన్ మీది నుంచి నా అరచెయ్యి తీయడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. సబ్బు కలిపే ఆ మిక్సర్‌లోకి మరమ్మతుకి మనిషి దిగాలంటే ముందు ఎలక్ట్రీషియన్‌నైన నేను కరెంటు తీసి స్విచ్‌కి నా తాళం వేయాలి. వేశాను. పావుగంట కాకముందే రెక్కలు తిరిగాయి.

ఆయన్ని అంబులెన్సు ఎక్కించి స్విచ్‌గదికి పరిగెత్తాను. నా తాళం పక్కన మేకుకి వేలాడుతోంది. పగలగొట్టలేదు, కొయ్యలేదు. ఎవరో తాళంచెవితో తీశారు. నా తాళంచెవి నా జేబులోనే ఉంది.

"తాళం వేయడం మర్చిపోయుంటావమ్మా," అన్నాడు మేనేజరు తన గదిలో, తెల్లకాగితం నా ముందుకి జరుపుతూ. "అదే రాసెయ్, మందలింపుతో పోతుంది. ఇంకాసేపట్లో రెండో మిక్సర్‌లోకి ఇద్దరు దిగాలి. సాయంత్రానికి ప్లాంటు నడవాలి."

పక్కన నిలబడ్డ మా ఆయన ఈ షిఫ్టుకి ఇన్‌ఛార్జి. నవ్వాడు. "దీని సంగతి నాకు తెలీదా సార్! గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివర్నుంచి వెనక్కొచ్చే రకం."

నిజమే, వెనక్కొస్తాను. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి పొయ్యిమీద పాలు మాడిపోయాయి. ఆ ఒక్కసారి పదకొండేళ్లయినా చల్లారలేదు. "మా కోడలు తల మెడమీద ఉందో లేదో అద్దంలో చూసుకోవాలి," అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఐదింటికి లేచి, రెండు డబ్బాలు కట్టి, పిల్లకి జడలు వేసి, మామగారికి మాత్రలిచ్చి, మా ఆయన వచ్చే గేటులోంచే ఆయన చేసే డ్యూటీకే వస్తాను. మామగారి మాత్ర ఒక్కటి తప్పలేదు. అయినా ఇంట్లో ఏది కనపడకపోయినా పారేసింది నేనే. అనిపించుకుని అనిపించుకుని, వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూడటం అలవాటైపోయింది. ఇవాళా లాగాను. "అది తాళమమ్మా, మొగుడి చెవి కాదు, వదిలెయ్," అని నవ్వుతూ దిగాడు బాబాయి.

నాకిచ్చిన తాళాలన్నీ ఒకే తాళంచెవితో తెరుచుకుంటాయి. స్టోర్సులో అలాంటివి రెండు ఇచ్చారు. ఒకటి నేను ఉంచుకుని, రెండోదాన్ని విరగ్గొట్టి సంతకం పెట్టాలి. తాళం వేసిన మనిషి తప్ప ఇంకెవరూ తీయకూడదని రూలు. ఆ రోజు స్కూటర్ స్టాండు దగ్గర మా ఆయన చెయ్యి చాచాడు. "నీ మతిమరుపుకి ఒకటి నా దగ్గరుండాలి." నా ఏటీఎం కార్డు అడిగినట్టే అడిగాడు. కార్డు ఇచ్చినట్టే ఇచ్చాను. విరగ్గొట్టానని సంతకమూ పెట్టాను. ఈ ఉదయం ఆ మిక్సర్ గేర్‌బాక్సు ఒక్కసారి తిప్పి చూడాలని నా చుట్టూ తిరిగింది కూడా ఈయనే. "పది నిమిషాల పనికి నీ తాళాలతో చంపుతున్నావే," అన్నాడు. టీ గంట కొట్టాక తిరిగింది మిక్సర్. బాబాయి టీకి బయటికెళ్లాడనుకున్నాడేమో. చూడలేదు.

ఫోను మోగితే మేనేజరు అటు తిరిగాడు. మా ఆయన వంగి, పళ్ల మధ్య నుంచి అన్నాడు: "రాసెయ్. నా ఉద్యోగం పోతే ఇల్లేమవుతుంది? ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

నేనింకా ఏమీ అడగలేదు. తాళం మర్చిపోయింది నేనైతే ఆయన ఉద్యోగం ఎందుకు పోతుంది?

కిటికీలోంచి కనిపిస్తున్నారు. ఇద్దరు హెల్మెట్లు పెట్టుకుని రెండో మిక్సర్ వైపు నడుస్తున్నారు. అక్కడ స్విచ్‌కున్నదీ నా తాళమే. రెండో తాళంచెవి ఇంకా మా ఆయన జేబులో ఉంది.

కాగితం వెనక్కి నెట్టి లేచాను. "సార్, ముందు వాళ్లిద్దర్నీ ఆపండి. నేను తాళం వేశాను."

మేనేజరు ఫోను కింద పెట్టాడు. "వేశావా? మరి తీసిందెవరమ్మా, దెయ్యమా?"

"నీకు మతిగాని పోయిందా," అన్నాడు మా ఆయన. నా మోచెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను.

"మా ఆయన, సార్. రెండో తాళంచెవి విరగ్గొట్టకుండా ఇచ్చింది నేను. దాంతో తాళం తీసి, మనిషి లోపలుండగా మిక్సర్ తిప్పింది ఈయన."