లేని తొట్టి చుట్టూ అడుగు

ఫాన్ వాళ్ళింటి తైజీ సాము వరసలో ఒక వంకర అడుగుంది. ఎడమ మోకాలు బాగా వంచి, ఒళ్ళు బరువంతా దానిమీద మోపి, కుడికాలిని కొడవలిలా చుట్టూ తిప్పి దింపాలి. మా హోనాన్‌లో ఇంకే ఇంటి గురువులూ అలా వెయ్యరు. దాన్ని ‘డ్రాగన్ ఊపిరి వదిలే చోటు’ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే.

అరవై ఏళ్ళ కిందటి మాట. ఐదో తరం గురువు ఫాన్ బావ్‌యీ తుమ్మితే పక్కింటి పెంకులు సర్దుకునేవి. ఆయన పాఠం చెప్పే వాకిట్లో పందుల కుడితి తొట్టి ఉండేది, రాతిది. కాలికి తగలకుండా దాని చుట్టూ అడుగేసేవాడు. నేను సోయా పనీర్ కావడి దించుతుంటే, పట్నం శిష్యుడొకడు ఆ అడుగెందుకని అడిగాడు. నోరు ఊరుకోక, కింద డ్రాగన్ పడుకుందనీ, తిన్నగా అడుగేస్తే బలమంతా లాగేసుకుంటుందనీ చెప్పాను. వాడు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత వాకిలికి రాళ్ళు పరిచారు, తొట్టి మా పందులదొడ్డికి వచ్చింది. అడుగు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు ఏడో తరం వాడు లిన్‌షెంగ్. నలభై ఒకటి నిండాయి, ఎడమ మోకాలు అరిగిపోయింది. ఆ మెలిక మానకపోతే ఏడాదిలో కర్ర పట్టుకోవాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. మానడం ఎలా? వరస మార్చినవాడి పేరు వంశపటంలో నల్లగీతతో కొట్టేస్తారు. సమాధులు ఊడ్చే రోజు వస్తోంది. ఆ పొద్దున పెద్దల పేరుపలకల ముందు, రెండు వందలమంది శిష్యుల ఎదుట వాడు వరసంతా వేసి చూపాలి.

మా అంగట్లో కూర్చుని మోకాలు రుద్దుకుంటుంటే చూడలేక, ఆ అడుగు తొట్టి కోసమేనని నిజం చెప్పేశాను.

“ఇది నిజమా పెదనాన్నా, మీ గాడిద పసుపునది ఈదిన కథలాంటిదా?”

“గాడిద కూడా సగందాకా ఈదిందిరా.”

వాళ్ళ నాన్న దెషౌ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఇప్పటి గురువు ఆయనే, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. అంతా విని, నాకు టీ పోశాడు.

“అన్నా, పోయిన వారమేగా చందమామ నీ సోయా పాలల్లో పడి మునిగిందన్నావు. నీ మాట పట్టుకుని మా నాన్న అడుగు తీసెయ్యమంటావా?”

నోరు నమ్మనివాళ్ళు రాయినైనా నమ్ముతారనుకున్నాను. సమాధులు ఊడ్చే రోజు తెల్లవారగానే ఇద్దరల్లుళ్ళ చేత తొట్టి తోపుడుబండి మీద తెప్పించి, పాతచోటే దింపించాను. లిన్‌షెంగ్ వరస మొదలుపెట్టాడు. వంకర అడుగు వచ్చింది. వాడి కుడికాలు తొట్టి అంచు వెంబడే, వేలెడు దూరంలో, చుట్టూ తిరిగి దిగింది. అందరూ చూశారు. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు ఆ నోటుపుస్తకం శిష్యుడు, ఇప్పుడు పండు ముసలి, కర్ర వదిలేసి తొట్టి ముందు మోకరిల్లాడు. గూ పెద్దాయన, అంటే నేను, అరవై ఏళ్ళుగా నిజమే చెబుతున్నాడనీ, డ్రాగన్‌కి మూతపెట్టిన రాయి ఇదేననీ ఏడ్చాడు. ముందురోజు దాకా మా ఆడపంది మూతి పెట్టిన చోట అగరొత్తులు గుచ్చారు. నేను కుడితి గురించి చెప్పబోతే పక్కవాళ్ళు నవ్వారు, ఎంత వినయమో అని.

దెషౌ నా చెయ్యి పట్టి పక్కకు లాగాడు.

“నాకు తెలుసన్నా. చిన్నప్పుడు ఆ తొట్టికి తగిలే నా పన్నూడింది.”

“మరి ఇన్నాళ్ళూ?”

“మా తమ్ముడు మింగ్‌తాంగ్ పేరు కొట్టేసింది నేను. ఈ అడుగు వెయ్యనన్నందుకే. ఊరొదిలిపోయి, ఎక్కడో చచ్చిపోయాడు. ఇప్పుడు అడుగు ఉత్తదే అంటే, వాడికేం చెప్పను?”

లిన్‌షెంగ్ ఇంకా వంచిన మోకాలి మీదే నిలబడి ఉన్నాడు. మా మాటలు విన్నాడు.

“కానియ్యమంటారా నాన్నా?”

దెషౌ తలూపాడు. వరసలో ఆ అడుగు అదే చోట మళ్ళీ ఒకసారి వస్తుంది. నేను చేసిన పని అప్పుడు తెలిసింది. నిన్నటిదాకా అక్కడ ఏమీ లేదు, వాడు తెగిస్తే తిన్నగా వేసేవాడు. ఇప్పుడు రాయుంది. వాడు చుట్టూ తిరిగాడు. మోకాలు కటుక్కుమనడం గుమ్మం దాకా వినిపించింది.

తొట్టిని తిరిగి ఇవ్వలేదు, చుట్టూ గొలుసు కట్టారు. మా ఆడపంది ప్లాస్టిక్ బేసినులో తింటూ నన్ను అదోలా చూస్తుంది. రోజూ పొద్దున కావడితో ఆ వాకిట్లోకి వెళ్తాను. నేనూ చుట్టూ తిరిగే పోవాలి.