రెండు నెలల పళ్ళు

కోరపంటి కొనకు మైనం చుక్క అంటించి కాంతమణి దానిమీద మెల్లగా ఊదింది. బోయిగూడ సందులో మేడమీద గది, డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిచ్చే ల్యాబు. కిటికీ తెరిస్తే స్పిరిట్ దీపం ఆరిపోతుంది, మూస్తే ప్లాస్టర్ దుమ్ము గొంతులో కూర్చుంటుంది. ఆమె పనిలో చేరిన ఇరవై రెండేళ్లుగా అది మూసే ఉంది.

ఎదురుగా దేవానందం నోరు. అంటే అతని రెండు దవడల ప్లాస్టర్ అచ్చులు, మడతబందులాంటి యంత్రానికి బిగించినవి. తిరుమలగిరి బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పళ్ళన్నీ సగానికి అరిగి, ముందుపళ్ళు బియ్యపు నూకల్లా మిగిలాయి. వాటిని మళ్లీ పొడవు చెయ్యాలంటే రెండు దవడల మధ్య మూడు మిల్లీమీటర్ల ఎడం పెంచాలి. ఆ ఎడానికి దవడ అలవాటు పడిందో లేదో తెలియడానికి ముందు రెండు నెలలు టెంపరరీ పళ్ళు పెట్టుకోవాలి. నొప్పి లేకపోతేనే అసలువి. కాంతమణి ఆ టెంపరరీలు నిన్ననే చేసి డబ్బాలో పెట్టింది.

పొద్దున బేగంపేట డాక్టరు ఫోను చేశాడు. శనివారం పేషెంటు మనవరాలి పెళ్లి, టెంపరరీలు వద్దు, అసలు క్యాపులే పంపమన్నాడు. ల్యాబు యజమాని హెన్రీ సరేనన్నాడు. డాక్టర్ల ముందు అతని నోట్లో కాదనే మాట ఎప్పుడు మొలిచింది గనక!

పోయినేడాది ఇలాగే తొందరపడి చేస్తే ఒకావిడ నెల తిరక్కుండా నోరు తెరవలేక వచ్చింది. కాంతమణి ఎదుటే, తప్పు ఆమె చేతిపనిదని హెన్రీ డాక్టరుకు చెప్పాడు. ఆమె పళ్ళు కొరుక్కుని ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు పట్టుబడ్డ రెండో విద్య. నిద్రలో కరకరా పళ్ళు నూరుతుందని అక్క ప్రేమమణి రోజూ తిడుతుంది. అలా అరిగిన పళ్ళు చూసి "నీ పండ్లు సుత మనమే కడదాం" అని హెన్రీ ఆమె నోటి అచ్చు తీసి తొమ్మిదేళ్లు. అది బల్లమీద కాగితాలకు బరువుగా ఉంది.

మధ్యాహ్నం దేవానందమే వచ్చాడు, క్యాపుల రంగు చూసుకోవడానికి. పేషెంటుతో మాట్లాడేది హెన్రీ. పనివాళ్ళు తలెత్తకూడదు, అది ల్యాబు రివాజు.

"శనివారమంటే శనివారమే. ఆగమాగం చేసిన్రంటే ఊకోను," అన్నాడు కూర్చుంటూనే. రంగుల పట్టీ పెదవి దగ్గర పెట్టబోయిన కాంతమణి చేతిని విసిరికొట్టాడు. "చేతులు కడుక్కున్నవా?"

ఆమెకు ఒళ్ళు మండింది. ఇలాంటివాడి దవడ నొస్తే నొయ్యనీ అనుకుంది కూడా. కానీ తప్పని తెలిసీ ఆ పని చెయ్యడం ఇంక ఆమె వల్ల కాలేదు.

"కడుక్కున్న సార్. జెర నా మాట ఇనుండ్రి. ఒక్కసారే పర్మనెంట్ క్యాపులు అంటించినంక దవడ పట్టకపోతే, అన్నీ కోసి తీయాలె. ముందు రెండు నెలలు టెంపరరీలు పెట్టుకోవాలె. చేసి పెట్టిన. పెండ్లికి సుత అవే మంచిగ కనబడ్తయి."

"కాంతమణీ, నోరు మూస్కో!" హెన్రీ అరిచాడు. "నువ్వేమన్న డాక్టరువా?"

దేవానందం హెన్రీ వైపు తిరిగాడు. పిల్లల్ని ఎండలో నిలబెట్టిన చూపు అది.

"ఆమె చెప్పేది అబద్ధమా?"

హెన్రీ రంగుల పట్టీ అందుకుని తుడవసాగాడు.

"టెంపరరీలే పంపు. డాక్టరుకు నేను చెప్తా." లేచాడు. కాంతమణికి మెచ్చుకోలు మాట ఒక్కటీ దక్కలేదు. "ముందే చెప్తే ఏం బోయింది? గింత తక్లీఫ్ ఎందుకు?" అని ఆమెనే కసిరి మెట్లు దిగాడు.

అడుగుల చప్పుడు వినపడనంత దూరం పోయాక హెన్రీ అన్నాడు:

"రేపటి సంది రాకు."

ఇరవై రెండేళ్లకు మూడు మాటలు. కాంతమణి ఏప్రాన్ విప్పి కుర్చీకి తగిలించింది. మైనం కత్తి టిఫిన్ సంచిలో వేసుకోబోతే, అది ల్యాబుదన్నాడు.

"ఉంచుకో సార్. వాడుడు రావాలె గద," అంది.

దీపం ఆర్పింది. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, సంచి తీసుకుని వెళ్లిపోయింది.

రోడ్డు మీది గాలికి బల్లమీద కాగితాలు రెపరెపలాడాయి గానీ ఎగరలేదు. వాటిమీద ఆమె నోటి అచ్చు ఉంది, కొనల్లేని కోరపళ్ళతో.