పొద్దు గూకని ఉపవాసం

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఇంట్లో అమ్మ యాదమ్మ ఉంది. నాయిన భిక్షం ఉన్నాడు. తండా నుంచి నడిచొచ్చిన ధన్‌సింగ్ తాత, వాడకట్టు ఆడవాళ్లు కొందరు. గోడకు ఆనుకుని, తలమీద చున్నీ కప్పుకుని — రిబ్కా.

జనగామ నుంచి పాస్టరు అయ్యగారు రాలేదు. సకల జనుల సమ్మె. బస్సులు లేవు.

పెంకుల సందులోంచి ఎండ దిగింది. చాప మీద వెచ్చగా పడింది.

ఎండలో తలలన్నీ నూనెతో మెరుస్తున్నాయి.

అది వాళ్ల పద్ధతి. ఉపవాసం ఉన్న రోజే తలంటుకోవాలి. నూనె రాసి నున్నగా దువ్వుకోవాలి. ముఖం కడుక్కుని నవ్వుతూ కనబడాలి. కడుపు కాలుతున్న సంగతి వాడకు తెలియకూడదు.

దేవుడికి తెలిస్తే చాలు.

పొద్దు గూకాక, చివరి ప్రార్థన అయ్యాక, జొన్న గట్క, ఇంత మజ్జిగ. అప్పటిదాకా మంచినీళ్లు కూడా ముట్టరు.

రిబ్కా పదో తరగతి. బడిలో పేరు పిలిస్తే పలకడానికి గొంతు పెగలని పిల్ల. కానీ ఈ ఉపవాసం ఆమె అడిగిందే. తెలంగాణ కోసం ఒక శుక్రవారం ఉపాసం పడదామమ్మా... అని తల్లి చెవిలో చెప్పింది.

బడి మూతపడింది. రోడ్ల మీద వంటలు. డేరాల కింద దీక్షలు. ఆమెకూ కావాలి తెలంగాణ.

ఆకలంత నిజంగా కావాలి.

మధ్యాహ్నానికి ఆకలి మెత్తబడింది. పాట పాడుతుంటే ఒళ్లు దూదిలా తేలింది. ఎండ చాప మీద జరుగుతోంది... నెమ్మదిగా... ఎవరూ తొందర పెట్టకుండా.

అప్పుడు బయట జీపు ఆగింది.

మహిపాల్ సారు వచ్చాడు. ఊరి భూముల్లో సగం ఆయనవే, ఉద్యమంలో ముందు నడిచేదీ ఆయనే. వెంట పేపరు ఫొటోగ్రాఫరు. ఇంకొకరి చేతిలో పళ్లెం నిండా నిమ్మరసం గ్లాసులు.

నాయిన ఉరికి కుర్చీ తెచ్చాడు. అందరూ కింద కూర్చునే చాప మీద, బైబిలు ముందర — కుర్చీ.

ఆయన్ని పిలిచింది నాయినేనని అప్పుడు తెలిసింది రిబ్కాకు. ప్రార్థన మందిరానికి జాగ ఇప్పిస్తానని సారు మాటిచ్చాడు. ఎన్నేళ్లుగానో నాయిన మోకాళ్ల మీద అడుగుతున్న జాగ.

"పొద్దుగూకేదాక నేనాగలేను భిక్షం. రఘునాథపల్లిల ఇంకో డేరా ఉన్నది. దీక్ష ఇప్పుడే ఇడిపిద్దాం."

ఫొటోగ్రాఫరు తలలు చూసి నొసలు చిట్లించాడు.

"గీ నూనె ఏందక్కా? పెండ్లికి పోతున్నట్టున్నరు. జర జుట్టు చెదురగొట్టుకోండ్రి."

ఆడవాళ్లు నవ్వారు. నవ్వుతూనే ఒకామె పాయ లాగి ముఖం మీద వేసుకుంది.

గ్లాసులు తిరిగాయి. అమ్మ కళ్లు మూసుకుని తాగింది. ధన్‌సింగ్ తాత చాలాసేపు గ్లాసులోకి చూశాడు. తాగాడు. తువ్వాలతో మూతి తుడుచుకుని తల దించుకున్నాడు.

దేవుణ్ని చూసే కళ్లన్నీ కెమెరాను చూస్తున్నాయి.

చివరి గ్లాసు సారు స్వయంగా అందుకుని రిబ్కా పెదవుల దగ్గర పెట్టాడు.

"తాగు బిడ్డా."

రిబ్కా పెదవులు విప్పలేదు.

"చెల్లె, జర తలెత్తు!" కెమెరా వెనకనుంచి ఫొటోగ్రాఫరు.

ఎత్తింది. పెదవులు మాత్రం విప్పలేదు.

సారు నవ్వాడు. "ఢిల్లీ నోరు తెరిపిస్తం అంటున్నం గని, గీ పిల్ల నోరు తెరిపియ్యలేకపోతున్నం గదనే!"

ఇల్లంతా నవ్వింది. నాయిన నవ్వలేదు. ఆయన నుదుటి మీద చెమట.

"ఒక్క గుక్క తాగే, రిబ్కా. జాగ గురించి నీకెర్కే గదా."

నిమ్మరసం పెదవికి తగిలింది. చల్లగా. నాలుక లోపల తల్లడిల్లింది.

రిబ్కా ముఖం పక్కకు తిప్పుకుంది.

"పొద్దుగూకలే నాయినా."

చిన్న గొంతు. అయినా అందరికీ వినబడింది.

"తెలంగాణ నాక్కూడ కావాలె సారూ. గని గీ ఉపాసం మీకు చూపెట్టనీకి పట్టింది కాదు. మీరిడిపిస్తె ఇడిసేది కాదు."

గ్లాసు గాలిలోనే ఉంది. కెమెరా కిందికి దిగింది.

నాయిన ఆమె రెక్క పట్టుకున్నాడు. పత్తి పోసిన లోపలి గదిలోకి ఈడ్చాడు.

"పిల్లకు పానం మంచిగ లేదు సారూ... ఏమనుకోకుండ్రి..."

"నా పానం మంచిగనే ఉన్నది!"

అది ఆమె గొంతేనా? అవును, ఆమెదే — పెంకులు దాటి వాడ దాకా పోయింది.

నాయిన గడపలో ఆగాడు. తలుపు రెక్కలు రెండూ పట్టుకున్నాడు. రిబ్కా కళ్లు దించలేదు, ఏడవలేదు.

రెండు రెక్కల మధ్య ఆయన ముఖం సన్నబడింది... సగం ముఖం... ఒక కన్ను... ఒక ఎండ గీత...

తలుపు పడింది.