ఐదు రోజుల తల్లి

కాలేజీలో నా ముఖానికి జీడిమెట్ల రోడ్డు అని పేరు. పెట్టినవాడు అవినాష్. ఇప్పుడు మాదాపూర్‌లో ఒకే కంపెనీలో నా పక్క సీట్లోనే కూర్చుంటాడు కాబట్టి వాడి మీద పగ ఏమీ లేదు. పేరు కూడా తప్పు కాదు. మొటిమలు పోతూ పోతూ రెండు చెంపలనూ తవ్వి పోయాయి. రోడ్డు గుంతలనైనా ఎలక్షన్ల ముందు పూడుస్తారు, నా గుంతలకు ఆ యోగం కూడా పట్టలేదు.

ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మీటింగుల్లో కెమెరా ఆపేసి మాట్లాడేవాణ్ని. అడిగితే నెట్‌వర్క్ బాగాలేదనేవాణ్ని. మా ఇంటి నెట్‌వర్క్ అంత దరిద్రమైనది సైబరాబాద్‌లోనే లేదని ఆఫీసు మూడేళ్లు నమ్మింది. చివరికి మా మేనేజర్ శ్యామ్ గారు ఒకరోజు పిలిచి, "సాయిచంద్ గారూ, వచ్చే నెల క్లయింటుకి డెమో మీరే ఇవ్వాలండి. కెమెరా ఆన్‌లో ఉండాలండోయ్, మనిషి కనబడకపోతే వాళ్ళు నమ్మరు" అన్నారు. బాగా ఇస్తే టీమ్ లీడ్‌ని అవుతాను. ఇవ్వనంటే ఇంకొకరు అవుతారు. ఆ సాయంత్రమే మెట్రో స్టేషన్ దగ్గర బోర్డు చూసి ఒక స్కిన్ క్లినిక్ మెట్లెక్కాను.

లేజర్ నాలుగు సిట్టింగులు అన్నారు. ఒక్కోదానికీ ఆరు వారాల ఎడం. మొదటి సిట్టింగుకే కొంత తేడా తెలుస్తుందనీ, అయిన తర్వాత ఐదు రోజులు మాత్రం ఇంట్లోనే ఉండాలనీ డాక్టరమ్మ చెప్పింది.

ఇంట్లో చెప్పలేదు. మా నాన్న మొగిలి ముప్పై ఏళ్లుగా జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తున్న మనిషి. మగపిల్లవాడు ముఖానికి లేజర్ కొట్టించుకుంటానంటే "ఏంది, హీరో అయితవా?" అని ఒక్క మాట అంటాడు, ఆ మాటతో జన్మంతా బతకాలి. అందుకని అమ్మానాన్నలు పెళ్లికని వారం రోజులు సిద్దిపేట వెళ్లే రోజు చూసుకుని అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నానమ్మ కూడా వాళ్లతో వెళ్లాల్సిందే. బస్సెక్కే రోజు పొద్దున మోకాలు పట్టేసిందని ఉండిపోయింది. ఆమెకు చూపు అంతంతమాత్రం, ఎలర్జీ అని చెబితే సరిపోతుందిలే అనుకున్నాను.

మా నానమ్మ పేరు పోచమ్మ. అరవై ఎనిమిదేళ్లుంటాయి. చిన్నప్పుడు మశూచి వచ్చి బతికింది. ఆమె చెంపల మీద గుంతలు నావాటికంటే లోతు. చిన్నప్పుడు నేను ఒక్కో గుంతలో వేలు పెట్టి లెక్కపెట్టేవాణ్ని, ఆమె పకపకా నవ్వేది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ముఖం కాబట్టి అవి మచ్చలని నాకెప్పుడూ తోచలేదు. నాకు వచ్చాకే అవి మచ్చలయ్యాయి. ఆమెకు ఇంకో అలవాటుంది. మంచం మీద ఒక అంచున పడుకుంటుంది, సగం మంచం ఖాళీగా వదిలేస్తుంది. "పడిపోతవ్ అత్తమ్మా, జర ఇవతలికి జరుగు" అని మా అమ్మ ముప్పై ఏళ్లుగా పోరుతూనే ఉంది. ఆమె జరగదు.

క్లినిక్‌లో ముందు మత్తు క్రీము పూసి, ప్లాస్టిక్ కవరు అంటించి గంట కూర్చోబెట్టారు. పక్కన మరో ఇద్దరు అలాగే ఉన్నారు. ముగ్గురం ఫ్రిజ్‌లో పెట్టిన కూరగిన్నెల్లా ఒకరినొకరు చూడకుండా కూర్చున్నాం. తర్వాత పడుకోబెట్టి, కళ్ల మీద స్టీలు మూతలు పెట్టారు. మిషన్ టకటకమని మొదలైంది. మత్తు చెంపల మీద పనిచేసింది, ముక్కు పక్కన చేయలేదు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. అది నా నుంచే వస్తోందని తెలియడానికి కొంచెం టైం పట్టింది. అరగంటలో అయిపోయింది. ముఖానికి కారం పూసినట్టు మంట.

అక్కడ పనిచేసే శ్రావణి అనే అమ్మాయి ఒక కాగితం చేతిలో పెట్టి చదివి వినిపించింది. "ఎండ తగలొద్దు సార్. సబ్బు వద్దు, గోకొద్దు, పొక్కులు గిల్లొద్దు. ఈ ఆయింట్‌మెంట్ తప్ప ఏం పెట్టొద్దు. పసుపు అసలే వద్దు. మనోళ్లు గిదే చేస్తరు, ఇంటికి పోయి పసుపు పూసుకుంటరు, మొఖం నల్లబడ్డదని మల్ల మా మీదికే వస్తరు."

నేనేం అంత తెలివితక్కువవాణ్ని కాదని నవ్వాను. ముఖం నొప్పి పుట్టి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఇంటికొచ్చి మాస్కు తీశాను. ముఖమంతా ఉబ్బి, ఎర్రటి చుక్కలు. నానమ్మ దగ్గరికొచ్చి, కళ్లు చికిలించి చూసి, రెండు చేతులూ జోడించింది.

"అయ్యో తల్లీ! వచ్చినవా!"

ఆ దండం నాకు కాదు. అమ్మవారు పోసిందనుకుంది. మా ఇళ్లలో దాన్ని రోగం అనరు, తల్లి వచ్చిందంటారు. పోసిన మనిషిలో తల్లి ఉన్నట్టే లెక్క. ఆ మనిషిని తిట్టకూడదు, ఎదురు చెప్పకూడదు, ఇంట్లో తాలింపు వేయకూడదు. ఐదో రోజు వేపాకు, పసుపు నూరి ఒళ్లంతా పూసి, ఎండలో కూర్చోబెట్టి, తలకు నీళ్లు పోసి తల్లిని సాగనంపుతారు.

ఎలర్జీ అని చెప్పడానికి నోరు తెరిచాను. "మాట్లాడకు బిడ్డా, ఊకో, పండుకో. నేనున్న కదా, ఫికర్ చెయ్యకు" అంది. కాళ్లు కడుక్కుని వచ్చేసరికి గుమ్మానికి వేపకొమ్మలు. పక్కింటి బుచ్చమ్మ గేటు అవతల నిలబడి నాకు దండం పెట్టి వెళ్లిపోయింది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాను. నేను కట్టబోయిన కథ కంటే ఇది పదిరెట్లు గట్టిది. నోరు మూసుకున్నాను. నేను చేసిన తప్పు అదే.

మొదట్లో బాగానే జరిగింది. శ్రావణి కాగితం, నానమ్మ కట్టుబాట్లు అక్షరాలా ఒకటే. ఎండ వద్దు, సబ్బు వద్దు, గోకుడు వద్దు, చల్లటి తిండి. మూడు పూటలా పెరుగన్నం తిని తల్లి కాదు, నేనే పారిపోవాలనిపించింది. రెండో రోజు లాప్‌టాప్ తెరిచి మీటింగులో ఉంటే శ్యామ్ గారు ఏదో ఆలస్యమైందని గొంతు పెంచారు. నానమ్మ చరచరా వచ్చి లాప్‌టాప్‌కు దండం పెట్టింది. "ఓ సారూ, జర మెల్లగ. ఇంట్ల తల్లి ఉన్నది, తిట్టొద్దు" అంది.

అవతల గొంతు టక్కున తగ్గింది. "అమ్మవారాండీ? అయ్యో, ముందే చెప్పొద్దూ! పడుకోండి సాయిచంద్ గారూ, పడుకోండి. ఐదు రోజులూ లాప్‌టాప్ ముట్టుకోకండి. అమ్మా, తప్పయిపోయిందని చెప్పండమ్మా" అన్నారు శ్యామ్ గారు. కోనసీమ మనిషి, అక్కడా ఇదే లెక్క. మూడేళ్లలో నాకు దొరికిన సెలవు ఇదొక్కటే.

మూడో రోజుకి పొక్కులు నల్లబడి దురద మొదలైంది. మధ్యాహ్నం కునుకు పట్టి లేచేసరికి నా రెండు చేతులూ నానమ్మ చేతుల్లో ఉన్నాయి. మోకాళ్ల నొప్పితో కింద కూర్చోలేని మనిషి, నేల మీద కూర్చుని రెండు గంటలుగా పట్టుకునే ఉంది.

"గోకుతున్నవ్ బిడ్డా. గోకితే నా మొఖం లెక్క అయితది" అంది.

నాకు సిగ్గేసింది. తన గుంతలు తల్లి ముద్దు పెట్టుకున్న జాగలని ఆమె ఊరందరికీ చెప్పేది. నా మొటిమలప్పుడు నాకూ అదే చెప్పింది. నాకు మాత్రం ఆ ముఖం రాకూడదట. నేనేమో ఆ ముఖం వద్దనే దొంగచాటుగా కాల్పించుకుని వచ్చాను. చెప్పేద్దామనుకున్నాను. నిజం చెబితే, నీలాంటి ముఖం నాకు అసహ్యం నానమ్మా అని చెప్పినట్టే అవుతుంది. చెప్పకపోతే ఐదో రోజు పసుపు, ఎండ. లేజర్ మొత్తం బూడిదలో పోసిన పన్నీరే. సరే, రేపు మెల్లగా చెబుదాం, లేజర్ అనకుండా ఏదో క్రీము పడలేదని చెబుదాం అని వాయిదా వేశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం పెరుగన్నం తిని కళ్లు మూసుకుని పడుకున్నాను. ఇప్పుడు లేచి చెప్పాలి అని మాటలు కూడబలుక్కుంటున్నాను. నానమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. నిద్రపోతున్నాననుకుందో, మాట్లాడేది తల్లితో కాబట్టి నా నిద్రతో పనిలేదనుకుందో తెలియదు.

"తల్లీ, రేపు పోతవ్. ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకు" అంది. "నాకు ఏడేండ్లప్పుడు వచ్చినవ్. యాదికున్నదా? ముందుగాల నాకే పోసినవ్. నన్ను అర్రల ఒక్కదాన్నే పండుకోబెట్టిన్రు. నాకు భయమైంది. బాలమ్మను రమ్మన్న. నా చెల్లె. నాలుగేండ్లది. మా అయ్య, అవ్వ పోవద్దన్నరు దానికి. నేనే సైగ చేసి పిలిచిన. వచ్చి నా పక్కల పండుకున్నది."

మంచం అంచును చేత్తో తడిమింది.

"నన్ను ఇడిసిపెట్టి దాన్ని తీస్కపోయినవ్. మా అవ్వకు చెప్పలే, నేనే పిలిచిన్నని. నా పెనిమిటికి చెప్పలే. నాకొక చెల్లె ఉండె అని మొగిలికి గూడ చెప్పలే. అరవై ఏండ్ల సంది నువ్వు మల్ల వస్తే అడుగుదామనుకున్న. అది నీ దగ్గరనే ఉన్నది కద తల్లీ. నా మీద కోపంగున్నదా?"

ఆమె గొంతులో ఏడుపు లేదు. దవాఖానలో రిపోర్టు వచ్చిందా అని అడిగినట్టు అడిగింది. అడిగి కూర్చుంది, జవాబు తీసుకునే వెళ్లేలా ఉంది. లేచి కూర్చుని, నానమ్మా ఇక్కడ తల్లి లేదు, నేను మాదాపూర్‌లో ముఖం కాల్పించుకున్నాను అని చెప్పాలి. అదే న్యాయం. కళ్లు తెరవలేదు.

"లేదు" అన్నాను. "కోపం లేదు."

నానమ్మ నా పాదాలకు తల ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. నా పాదాలు తడిశాయి. ఇంత ఘోరమైన అబద్ధం నేను జీవితంలో ఆడలేదు. వెనక్కి తీసుకోవాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఐదో రోజు పొద్దున రోట్లో పసుపూ వేపాకూ నూరుతున్న చప్పుడుకే మెలకువ వచ్చింది. శ్రావణి కాగితం తలగడ కింద ఉంది. ఇప్పుడు చెబితే నిన్నటి మాట ఎవరిదైనట్టు? కాగితం అక్కడే వదిలేసి వాకిట్లో పీట మీద కూర్చున్నాను. నానమ్మ నుదురు నుంచి గడ్డం దాకా మందంగా పూసింది. పదకొండు గంటల ఎండ. అది ఆరేదాకా కదలకూడదు. మంటకు కళ్లలో నీళ్లొచ్చాయి. "తల్లి పోతున్నందుకు ఏడుస్తున్నడు" అంది గేటు అవతల నుంచి బుచ్చమ్మ. నీళ్లు పోస్తూ నానమ్మ, "పోయిరా తల్లీ, దాన్ని మంచిగ చూసుకో" అంది.

రెండు వారాలకు ముఖం మీద గోధుమరంగు మరకలు తేలాయి. క్లినిక్‌కి వెళితే శ్రావణి దీపం కింద నా గడ్డం పట్టుకుని తిప్పి చూసి, కాగితం మీద ఆ లైనును వేలితో చూపించింది. "చదువుకున్నోళ్లే కదా సార్ మీరు? పసుపు వద్దని ఎన్నిసార్లు చెప్పిన! ఈ నలుపు పోవాలంటే ఆరు నెలలు. నిజం చెప్పున్రి, ఎవరు పూసిన్రు?"

"నేనే పూసుకున్నాను" అన్నాను.

డెమో రోజు కెమెరా ఆన్ చేశాను. నెట్‌వర్క్ బ్రహ్మాండంగా ఉంది. మొదటి నిమిషంలోనే అవినాష్ మెసేజ్ పెట్టాడు. "ఏంది రా, రోడ్డుకు తారు పోసిన్రా?" చదివి నవ్వు ఆపుకోలేక, నవ్వుతూనే మొదలుపెట్టాను. అవతలివాళ్లు నా ముఖం గురించి ఏమనుకున్నారో తెలియదు, అడిగినవన్నీ పని గురించే అడిగారు. టీమ్ లీడ్ సంగతి ఇంకా తేలలేదు.

నానమ్మ మాత్రం వచ్చిన ప్రతివాళ్లకూ నా చెంప తడిమి చూపిస్తోంది. "చూడున్రి, ఒక్క గుంత పడలే. ఉన్నయి గూడ తగ్గినయ్. తల్లి నా మాట విన్నది." ఆమె కంటికి రంగు ఆనదు, చేతికి గుంత ఆనుతుంది. గుంతలు నిజంగానే కొంచెం తగ్గాయి. అది లేజర్ పుణ్యమని నాకొక్కడికే తెలుసు.

ఆరు వారాలకు ఆదివారం మధ్యాహ్నం శ్రావణి ఫోన్ చేసింది. నలుపుకు క్రీము వాడుతున్నానా అని అడిగింది, రెండో సిట్టింగు కొంచెం ఆగి ఎప్పుడు పెట్టుకుందామంది. ఫోన్ పట్టుకుని లోపలి గదిలోకి చూశాను. నానమ్మ నిద్రపోతోంది. మంచం నడిమధ్యన, కాళ్లూ చేతులూ బారజాపి, పక్కన ఇంకొకరికి జాగా లేకుండా.

"ఇప్పుడు వద్దండీ" అని మెల్లగా చెప్పి, ఆమె నిద్ర చెడకుండా తలుపు దగ్గరకు వేశాను.