చెయ్యి

మా ఆయన వడ్రంగి. వంకర కనిపిస్తే ఆయన చేతులు ఊరుకోవు. పొరుగింటికి వెళ్ళినా ఊగే స్టూలు కాలు బిగించి గాని లేవరు. దానికి నేను అలవాటుపడిపోయాను. కానీ నాలుగున్నరేళ్ళ కూతురి బొమ్మకి గీత దాటకుండా తనే రంగులు వెయ్యడం, అది తంటాలుపడుతున్న గుండీ తనే పెట్టెయ్యడం, అది పేర్చిన ముక్కల్ని "కాస్త సరిచేస్తానమ్మా" అంటూ మళ్ళీ పేర్చడం చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టిందే గాని ఆయన చెవికెక్కలేదు.

చివరికి బడిలో టీచరమ్మే పిలిచి చెప్పారు. "మీ పాప ఏ పని మొదలుపెట్టినా మధ్యలో ఆగి మా మొహాలు చూస్తుంది. శనివారం మీ ఎదుటే ఒక పనిస్తాం. తనంతట తాను చేస్తే పై తరగతికి. లేదంటే ఇంకో ఏడాది ఇక్కడే."

మా పిల్లకి ఉన్నది ఒక్కగానొక్క స్నేహితురాలు. ఆ అమ్మాయి అప్పుడే పై తరగతి గదిలో బ్యాగు పెట్టుకునే గూడు ఎంచుకుని వచ్చేసింది. దాని పక్క గూడు నాదేనని ఇది ఇంట్లో రోజూ చెబుతోంది.

శనివారం రెండు పొట్టి కుర్చీలు ఎడంగా వేశారు. రెండు చెక్క పలకలు, ఒక బొమ్మ కారు ఇచ్చారు. కారు నేల తాకకుండా ఈ కుర్చీ మీంచి ఆ కుర్చీ మీదికి చేరాలి. ఏ పలకా అంత పొడవు లేదు. పెద్దవాళ్ళు పక్కన కూర్చోవచ్చు గాని పని చెయ్యకూడదు.

"పసిపిల్లకి ఇదేం పరీక్షే?" అని గొణిగారు మా ఆయన.

"మీకు కాదుగా, ఊరుకోండి" అన్నాను.

పిల్ల పలకని ముందుకి జరిపింది. సగం దాటగానే అది దభీమని పడింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. ఈసారి పలక వెనక కొసని నొక్కి పట్టుకుని, వాళ్ళ నాన్న వంక చూసి "నాన్నా, చెయ్యి!" అంది.

ఆ మాట కోసమే కాచుకు కూర్చున్నట్టు ఆయన లేచి, అలమరలోని లావు పుస్తకాలు తెచ్చి, పలకల వెనక బరువు పెట్టి చిటికెలో వంతెన కట్టేశారు. టీచరమ్మ అంతా ఊడదీసి పలకలు పిల్లకిచ్చారు.

"తనే చెయ్యమందండీ!" అన్నారు ఈయన.

"మా బాధా అదేనండీ" అన్నారావిడ.

నాకు తల కొట్టేసినట్టయింది. పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని మళ్ళీ పలక పెట్టింది. ఆయన చెయ్యి మళ్ళీ ముందుకి పాకింది. "చెయ్యి! చెయ్యి!" అని అరిచింది పిల్ల.

"చెయ్యి తియ్యమంటోంది, వినపడటం లేదా?" అని నేను ఆయన మణికట్టు పట్టుకుని లాగేశాను.

పిల్ల నేల మీద కాళ్ళు తపతపా కొట్టి ఏడుపు లంకించుకుంది. ఇక గూడు పోయినట్టే అనుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది.

కాసేపటికి అది ముక్కు తుడుచుకుంది. లేచి వచ్చి, నా పట్టు విడిపించి, వాళ్ళ నాన్న అరచేతిని పలక వెనక కొస మీద బోర్లా పెట్టింది.

"ఏం చెయ్యాలమ్మా?" అన్నారాయన.

"ఏం చెయ్యకు. చెయ్యి పెట్టు."

రెండో పలకని అవతలి కుర్చీ మీద పెట్టి, "అమ్మా, నువ్వూ" అంది. పెట్టాను. పలకలు నడిమధ్య కలుసుకున్నాయి.

"ముక్కు దురదేస్తోందే" అన్నారాయన నెమ్మదిగా.

"కదిలారంటే చంపేస్తాను" అన్నాను.

కారు ఆయన వేళ్ళ మీదుగా ఎక్కి, వంతెన దాటి, నా వేళ్ళ మీదుగా దిగింది.

టీచరమ్మ పిల్ల పక్కన చతికిలబడ్డారు. "అమ్మానాన్నా సాయం చేశారా?"

పిల్ల మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసింది. "లేదు. ఊరికే ఉన్నారు."

"అయితే నీకు ఏ గూడు కావాలి?" అన్నారావిడ.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర పిల్ల చెప్పులు వేసుకుంటూ కుడిదాంట్లో ఎడమ కాలు దూర్చింది. మా ఆయన ఆగలేక వంగారు.

"చెయ్యి!" అంది పిల్ల.

ఆయన చటుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నావైపు తిరిగారు. "ఈసారి ఏ చెయ్యే?"