వెచ్చటి గోడ

పెళ్ళికి వచ్చే చుట్టాలకి ఏమివ్వాలా అని పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ తెగ తర్జనభర్జన పడి, చివరికి ఊరి పటం గీసి ఇద్దామనుకున్నారు. తమకిష్టమైన చోట్లు మాత్రమే ఉండే పటం. పెళ్ళికూతురు నేలమీద బోర్లా పడుకుని రంగు పెన్సిళ్ళతో గీసింది. పెళ్ళికొడుకు పక్కన కూర్చుని, "వంతెన వంకరపోయింది", "ఆ బస్సుకి చక్రాలేవీ" అంటూ పెన్సిళ్ళు చెక్కిపెట్టాడు.

వంతెన మీది రాతిబల్ల, బస్సులు కడిగే షెడ్డు, పూలబజారు. అన్నిటికన్నా పైన, చుట్టూ ఎర్ర పెన్సిలుతో కిరణాలు గీసి మరీ, బేకరీ వెనక సున్నం గోడ.

"గోడ చూడ్డానికి ఎవరైనా వెళ్తారంటావా?" అని అతను సందేహంగా అడిగాడు.

"మన గోడ చూడకుండా ఎలా ఉంటారు?" అందామె. అతను ఎర్ర పెన్సిలు చెక్కి అందించాడు. అతనికీ అది మన గోడే.

ఆమె ఆసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ చేస్తుంది. అతను బేకరీలో రాత్రంతా బట్టీ దగ్గర రొట్టెలు కాలుస్తాడు. ఒక చలి ఉదయం డ్యూటీ దిగి వస్తూ ఆమె ఆ గోడకి చేరబడి నిలబడింది. అవతల బట్టీ మండుతుంటుంది కాబట్టి గోడ పెద్ద పిల్లి వీపులా వెచ్చగా ఉంది. వెనక తలుపు తీసి అతను తొంగిచూసి, "ఫర్వాలేదండీ, ఆ గోడ గట్టిదే, మీరు పట్టుకోకపోయినా పడిపోదు" అన్నాడు. ఆ తర్వాత ఆమె రోజూ పట్టుకుంటూనే వచ్చింది.

పటం పేరుకి చుట్టాలందరికీ గానీ, అసలు గురి ఒక్కరి మీదే. అతని మేనత్త. తల్లిలేని మేనల్లుణ్ణి ఎత్తుకు పెంచిందావిడ. బొద్దుగా ఉండేవాడని బన్ను అని పేరు పెట్టింది. పెద్దయ్యాక నిజంగానే బన్నులు చేసే పనిలో చేరితే మాత్రం ఆవిడకి నచ్చలేదు. తన ఊళ్ళో ఆవిడకి మంచి కిరాణా కొట్టుంది. పెళ్ళి కుదిరిన రోజే ఫోనులో తేల్చి చెప్పేసింది. "పెళ్ళికి వచ్చి ఊరు చూస్తాను. బాగుంటే నోరు మూసుకుని వెళ్ళిపోతాను. లేదంటే ఇద్దరూ నాతో వచ్చేయండి. కొట్టు చూసుకోండి. గుడ్లగూబల్లా ఆ రాత్రి ఉద్యోగాలేమిటి?"

బన్ను ఎవరి మాటైనా కాదనగలడు, అత్త మాట తప్ప. ఆ సంగతి పెళ్ళికూతురికి తెలుసు. అందుకే గోడ చుట్టూ అన్ని కిరణాలు గీసింది.

పెళ్ళికి ముందురోజు చుట్టాలు దిగారు. టిఫిన్లు కానిచ్చి, పటాలు చేతబట్టుకుని, తలలకి టోపీలు పెట్టుకుని హుషారుగా బయల్దేరారు. మధ్యాహ్నానికి చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చారు.

ముందుగా పెళ్ళికూతురి బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మాయ్, పూలబజారని రాశావు. స్కూటర్ల స్టాండు కనబడింది. ఎర్ర స్కూటరొకటి ఉంటే, పోనీలే ఇదే మందారమనుకుందామని కాసేపు చూసొచ్చాను."

"వంతెన మీద బల్ల ఉంది కదా బాబాయ్?"

"ఉంది. కూర్చున్నాను. పెనం మీద అట్టులా అతుక్కుపోయాను. పక్కవాళ్ళొచ్చి లేపారు."

బస్సుల షెడ్డులో బస్సుల్లేవు, డీజిలు వాసన మాత్రం ఉందట. ఇక మిగిలింది గోడ. అందరూ మేనత్త వైపు చూశారు. ఆవిడ చీరకంటిన మైదా పిండి దులుపుకుంటోంది.

"గోడ చూశాను," అంది. "గోడలాగే ఉంది. ముందు లారీ ఆపి పిండి బస్తాలు దింపుతున్నారు. చెయ్యి పెట్టి కూడా చూశాను. మా ఇంటి గోడలాగే చల్లగా ఉంది."

"చల్లగానా?" అంది పెళ్ళికూతురు.

"ఇంతకీ వీటిని ఏ వేళప్పుడు చూడాలమ్మా?" అన్నాడు బాబాయి.

పెళ్ళికూతురు బన్ను వైపు చూసింది. బన్ను పెళ్ళికూతురు వైపు చూశాడు. ఇద్దరూ ఒకేసారి నాలుక కరుచుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్నారు గానీ, పగటిపూట ఆ ఊరెలా ఉంటుందో వాళ్ళిద్దరికీ తెలియదు. ఆ వేళకి కిటికీలకి దుప్పట్లు కట్టుకుని ఎవరిళ్ళలో వాళ్ళు నిద్రపోతుంటారు. వాళ్ళకి తెలిసిన ఊరు తెల్లవారుజామున తెరుచుకుని, జనం లేచేసరికి మూసుకుపోయే ఊరు.

మేనత్త పటాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "ఒరేయ్ బన్నూ, సామాను ఏమేం సర్దాలో రేపు పెళ్ళయ్యాక చూసుకుందాం."

బన్ను తల గోక్కున్నాడు.

ఆ రాత్రి మేనత్త పడక పెళ్ళికూతురి గదిలోనే. రాత్రి నిద్ర అలవాటు లేని పెళ్ళికూతురు పైకప్పు చూస్తూ పడుకుంది. తెల్లవారుజామున పక్కమంచం కిర్రుమంది. కొట్టు తెరిచే అలవాటు కొద్దీ మేనత్త ఆ వేళకి లేచి కూర్చుని నడుం రుద్దుకుంటోంది.

"అత్తయ్యా, చెప్పులేసుకోండి, అలా వెళ్ళొద్దాం."

"ఎక్కడికి? స్కూటర్లు చూడ్డానికా? పెళ్ళికూతురివి, పడుకో. మొహం వాచిపోతుంది."

"ఈ వేళ పడుకుంటేనే వాస్తుంది అత్తయ్యా. నాకలవాటు లేదు. ఒక్క గోడ చూసొచ్చేద్దాం, మీకు దణ్ణం పెడతాను."

గొణుక్కుంటూనే ఆవిడ పెళ్ళికని తెచ్చుకున్న చీర కట్టుకుని బయల్దేరింది. స్కూటర్ల స్టాండులో స్కూటర్లు లేవు. తడి గోనెల మీద పూలు మోకాళ్ళ ఎత్తున కుప్పలు పోసి ఉన్నాయి. బస్సుల షెడ్డులో వరసగా బస్సులకి స్నానాలు చేయిస్తున్నారు. తూర్పున అప్పుడే ఎండ పొడిచి, గొట్టంలోంచి ఎగిరే నీళ్ళలో చిన్న ఇంద్రధనుస్సు ఒకటి బస్సు నెత్తిన కూర్చుంది. మేనత్త ఆ బస్సు కడగడం పూర్తయ్యేదాకా కదల్లేదు.

గోడ దగ్గరికి వచ్చాక పెళ్ళికూతురు ఆవిణ్ణి రెండు భుజాలూ పట్టుకుని మెల్లగా గోడకి ఆనించింది. వెచ్చదనం నడుముకి తగిలింది.

"అబ్బ," అంది మేనత్త. కళ్ళు మూసుకుంది.

అప్పుడే గోడలో పైనున్న కంతలోంచి పాట వినిపించింది. పాటంటే పాట కాదు, శ్రుతీ లయా రెండూ వదిలేసి ఒక మగగొంతు హాయిగా కూనిరాగం తీస్తోంది. మధ్యలో ఎవరో, "ఒరేయ్ పెళ్ళికొడకా, ఆపరా, బ్రెడ్డు పొంగట్లేదు" అన్నారు. "నా పాట వింటే పొంగదు, ఏకంగా ఎగురుతుంది" అంది ఆ గొంతు. లోపల నవ్వులు.

మేనత్త కళ్ళు తెరిచింది. "ఎవరది?"

"మీ బన్నే. పెళ్ళి విందుకి రొట్టెలు ఇంకొకళ్ళు కాలిస్తే ఒప్పుకోనన్నాడు."

"వాడి గొంతా?" ఆవిడ కంత వైపు తలెత్తి చూసింది. "నేను ఫోను చేసినప్పుడల్లా 'బాగున్నానత్తా' అని మూడురోజుల జ్వరం పడ్డవాడిలా నసుగుతాడే. ఈ ఊళ్ళో పిల్లాడు వాడిపోయాడనే కదా నేను..."

"మీరు ఎప్పుడు చేస్తారు అత్తయ్యా?"

"ఎప్పుడేమిటి, మధ్యాహ్నం భోజనమయ్యాక, కాస్త తీరిగ్గా."

"అప్పుడతనికి నడిరాత్రి."

లోపల పాట మళ్ళీ మొదలైంది, ముందుకన్నా అన్యాయంగా. ఆవిడ పెదవులు కొంచెం కొంచెంగా సాగి, చివరికి నవ్వయ్యాయి. "కొట్లో బెల్లం డబ్బా మీద కూర్చుని ఇలాగే పాడేవాడు. బేరాలు పారిపోయేవి," అంది. తర్వాత పెళ్ళికూతురి వైపు తిరిగి, "ఫోను చెయ్యి మీ బాబాయికి. ఆ మందారాల ఆయనకి. అందర్నీ లేపుకుని రమ్మను" అంది.

పొద్దున్నే పెళ్ళి కాబట్టి అందరూ పెళ్ళిబట్టల్లోనే వచ్చారు. బాబాయి దారిలో పూలబజారు చూసి నిజంగానే మందారాలు కొనుక్కొచ్చాడు. కాసేపటికి వెనక తలుపు తీసిన బన్నుకి, చుట్టాలంతా గోడ పొడుగునా వరసగా చేరబడి కళ్ళు మూసుకుని కనిపించారు. మధ్యలో అత్త. అత్త పక్కన, నవ్వాపుకుంటూ, తన పెళ్ళికూతురు.

"అత్తా," అన్నాడు భయంభయంగా, "మరి సామాను..."

"సామాను సంగతి తర్వాత. ముందు లోపలికి పోయి కట్టెలు ఎగదొయ్యి, ఈ మూల కాస్త చల్లబడుతోంది," అందావిడ. "కొట్టుకి మనుషులు దొరక్కపోరు. ఇక నీకు ఫోను పొద్దున్నే చేస్తాను. పాడి వినిపించు."

పెళ్ళి ఫోటోలు చూసినవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు, వెనకనుంచి తీసిన ప్రతి ఫోటోలోనూ చుట్టాలందరి వీపులకీ ఆ తెల్లటి సున్నం మరక ఏమిటని. ఆ రోజు దులుపుతానని ఎవరో చెయ్యి ఎత్తితే మేనత్త పక్కకి తప్పుకుంది.

"ఉండనీ. పటంలో చూపించిందే తెచ్చుకున్నాను," అంది.