ఒక్కరికి సరిపడే గది

ఆ ప్రకటన మొదటిసారి ఫోన్లో కనిపించినప్పుడు కత్తెరగారికి నవ్వొచ్చింది. 'ఒక్కరికి సరిపడే గది. నిశ్శబ్దమైన వీధి.' పదోసారి వచ్చేసరికి చిర్రెత్తుకొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లుగా సంసారం చేస్తున్నవాడికి ఒంటరిగాళ్ల గది చూపిస్తాడేమిటి వీడు?

కత్తెరగారన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. దినపత్రికలో చిన్న ప్రకటనల కౌంటరు ఆయనది. జనం పేజీల కొద్దీ గోడు రాసుకొస్తే, కత్తిరించి మూడు లైన్లకు తెచ్చేవాడు. 'కుట్టుమిషను అమ్మబడును, వాడలేదు' అన్న ముక్క చాలు, ఆ ఇంట్లో ఏం జరిగిందో ఊహించేసేవాడు. ఊహ నిజమో కాదో చెప్పడానికి ఎవరూ తిరిగొచ్చేవారు కాదు గనక, తన లెక్క ఎప్పుడూ తప్పలేదని ఆయన నమ్మకం. రిటైరై ఆరు నెలలైంది. ఇప్పుడు పొద్దస్తమానం భార్యకు పేపరు చదివి వినిపిస్తాడు, వంటింటి డబ్బాలు సర్దుతాడు, కూర ఎలా తరగాలో చెబుతాడు.

"చూశావా, మళ్లీ వచ్చింది! మా రోజుల్లో ప్రకటనంటే నలుగురి ముందు నిలబడి చెప్పుకున్నట్టు. ఎవడికి కావాలో వాడు చూసుకునేవాడు. వీడేమో సరాసరి నా జేబులో దూరి, నాకు అక్కర్లేనిది అంటగడుతున్నాడు. నాకు పెళ్లయిందని కూడా తెలీదు వెధవకి!"

ఆవిడ బట్టలు మడతపెడుతోంది. "పోనివ్వండి, ప్రతిదానికీ రాద్ధాంతం ఎందుకు?" అంది. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెట్టింది.

ఊరుకుంటే ఆయన కత్తెరగారెలా అవుతాడు? ప్రకటనల కంపెనీలో పనిచేసే మేనకోడలికి ఫోన్ చేశాడు.

"మీవాళ్లు పప్పులో కాలేశారమ్మా. నేనెప్పుడూ గది కోసం వెతకలేదు."

"మీరు వెతక్కపోతే ఇంట్లో ఇంకెవరో వెతికుంటారు మామయ్యా," అని నవ్విందా పిల్ల. "ఒకే వైఫై వాడుతుంటే ఒకళ్లు వెతికింది రెండోవాళ్ల ఫోన్లోనూ కనపడుతుంది ఒక్కోసారి. ఇంట్లో ఎవరెవరున్నారిప్పుడు?"

"నేనూ, మీ అత్తయ్యా."

ఆ పిల్ల నాలుక కరుచుకున్నట్టుంది. "ఏమో మామయ్యా, పొరపాటైనా అయ్యుండొచ్చు," అని పెట్టేసింది.

ఆయన ఫోను పక్కన పెట్టి వంటింటివైపు చూశాడు. పోట్లాట లేదు, అలక లేదు. పొద్దున్నే పక్కన కూర్చుని టీ తాగిందే! పాతకాలపు ప్రకటనైతే, ఇచ్చినవాడి గుట్టు చెప్పేది. ఇదేమో చూసేవాడి ఇంటి గుట్టు చెబుతోంది, అదీ సగమే చెప్పి ఊరుకుంటోంది. మిగతా సగం ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. గది కావాలని ఎవరైనా ఇల్లాలు కౌంటరు దగ్గరికొస్తే, పాపం ఈవిడ కాపురం చెడింది అనుకునేవాడు. ఇప్పుడు భయమేసింది.

సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుని అడిగేశాడు. "నన్ను వదిలేసి వెళ్లిపోతున్నావా?"

ఆవిడ తెల్లబోయింది. "అయ్యో, ఎక్కడికండీ?"

"మరి ఆ గది ఎవరికి?"

"పది నుంచి నాలుగు దాకా," అందావిడ. "మీరు ఆఫీసులో ఉండే వేళలు. సాయంత్రానికి ఇంటికొచ్చేద్దామనుకున్నా."

"అక్కడేం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. ఊరికే కూర్చుంటా."

"నేనేం చేశానే?"

"మీరేం చెయ్యలేదు. ఉన్నారు, అంతే."

ఇందులో కత్తిరించడానికి ఒక్క మాట కూడా లేదు. వదిలి వెళ్లడం లేదని సంతోషించాలో, కోపం తెచ్చుకోవాలో తెలియక, ఆ పూట అన్నం ముందు తలవంచుకుని కూర్చున్నాడు.

మర్నాడు పది కొట్టేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?" అందావిడ.

"తెలీదు. నాలుగింటికి వస్తా."

ఉండమంటుందేమోనని బూట్లు నెమ్మదిగా వేసుకున్నాడు. "గొడుగు తీసుకెళ్లండి," అంది.

వెనక తలుపు గడియ పడింది. ఆయన మెట్ల మీదే ఆగిపోయాడు. లోపల కుర్చీ ఈడుస్తున్న చప్పుడు. కిటికీ దగ్గర ఆరు నెలలుగా తను కూర్చుంటున్న పెద్ద కుర్చీయే అది. గది ఆ కొస నుంచి ఈ కొసకు, ఆగి ఆగి వచ్చింది. తర్వాత లోపల ఏ చప్పుడూ లేదు.

అంత బరువు ఒక్కతే ఎలా జరిపిందో ఆయనకు అర్థం కాలేదు. పిలిస్తే తను ఒక చెయ్యి వేసేవాడు కదా.